మాయల కథల్లో మగపేర్లు ఎలా పుడతాయి?



పోయిన సంచికలో నేనొక మాయల మాంత్రికుడి కథ రాశాను. అందులో రాకుమారుడికి విక్రమసేనుడు అని పేరు పెట్టాను. వాడి వెనకాల మూట మోసే తెలివితక్కువవాడికి సుక్రు అని పెట్టాను. అందరూ నవ్వారు. నేనూ సంతోషించాను. కానీ అదే పేరున్న ఆరో తరగతి తమ్ముడిని మెస్సు దగ్గర రెండు రోజులు ఏడిపించారు. వాడు పళ్లెం పట్టుకుని లైనులోంచి వెళ్లిపోయాడు. తప్పు నాదే. అందుకని కథల్లో పేర్లు ఎక్కడి నుండి వస్తాయో లైబ్రరీలో చదివి, తెలుగు సారుని అడిగి తెలుసుకున్నాను.

ఒకటి: ఒంటిని బట్టి వచ్చే పేర్లు. ఘటము అంటే కుండ. ఉత్కచుడు అంటే జుట్టు లేనివాడు. పుట్టినప్పుడు తల కుండలా నున్నగా ఉంది కాబట్టి ఘటోత్కచుడు అన్నారు. 'మాయాబజార్' సినిమాలో (1957) ఎస్.వి. రంగారావు వేసిన వేషం అదే. అతని తల్లి హిడింబ అడవిలో ఉండే మనిషి అని మరచిపోకండి.

మన అరసవల్లి గుడిలోనే ఇలాంటి పేరు ఇంకొకటి ఉంది. సూర్యుడి ఏడు గుర్రాల రథాన్ని తోలేవాడు అనూరుడు. ఊరువులు అంటే తొడలు. అవి లేనివాడు అనూరుడు. తల్లి వినత తొందరపడి గుడ్డును ముందే పగలగొట్టింది. అందుకే సగం దేహంతో పుట్టాడు. కాళ్లు లేవని ఎవరూ తీసిపారెయ్యలేదు. లోకానికి వెలుగు తెచ్చే రథం పగ్గాలు అతని చేతికే ఇచ్చారు.

రెండు: పనిని బట్టి వచ్చే పేర్లు. 'పాతాళ భైరవి' (1951) లో తోటరాముడు తోటమాలి కొడుకు. రాజుల పేరు లేకపోయినా నేపాళ మాంత్రికుణ్ణి గెలిచింది అతనే కదా!

మూడు: పాత పద్యాల నుండి తెచ్చిన పేర్లు. ఇంగ్లండులో టోల్కీన్ అనే ఆయన 1937లో 'హాబిట్' అనే కథ రాశారు. అందులో మరుగుజ్జుల పేర్లు చాలావరకు పాత నార్సు భాషలోని ఒక పద్యం నుండి తీసుకున్నారు. మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా అక్కడిదే. ఆ పద్యంలో అది ఒక మరుగుజ్జు పేరు. అంటే పేరు చిన్నది, పెద్దది అని ఏమీ లేదు. ఎవరికి పెడితే వారిదవుతుంది.

నాలుగు: వారాన్ని బట్టి వచ్చే పేర్లు. నేను నవ్వులాట చేసింది వీటినే. ఒడిశా సరిహద్దు కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పిల్లలకి పేరు పెట్టడం ఉంది. సుక్రు అంటే శుక్రవారం పుట్టినవాడు. ఆఫ్రికాలో ఘనా దేశంలోని అకాన్ జనం కూడా ఇలాగే పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు అక్కడ కోఫీ. 1997 నుండి 2006 వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పేరు అదే. గోపీనాథ్ మహంతి 1945లో రాసిన 'పరజా' అనే ఒడియా నవలలో ముఖ్యపాత్ర పేరు సుక్రు జాని.

1719 నాటి 'రాబిన్సన్ క్రూసో'లో మాత్రం వేరుగా ఉంటుంది. క్రూసో ఒక మనిషిని శుక్రవారం నాడు కాపాడి, ఫ్రైడే అని పిలిచాడు. నీ అసలు పేరేటి అని అడగనే లేదు. నేను చేసింది కూడా కొంచెం అలాంటిదే అనిపించింది.

ఇంకో మాట. శుక్రవారం అన్న పేరు శుక్రుడి వల్ల వచ్చింది. ఆయన రాక్షసులకి గురువు. చచ్చినవాళ్లను బ్రతికించే మృతసంజీవని విద్య తెలిసినవాడు. నేను మూట మోయించిన పేరు వెనక అంత పెద్ద గురువు ఉన్నాడన్నమాట!

కాబట్టి మిత్రులారా, కథకి పేరు పెట్టేముందు దాని అర్థం అడగండి. ఆ పేరున్నవాడు మన వరండాలోనే పడుకుని ఉండొచ్చు.

వచ్చే సంచికలో కొత్త కథ రాస్తాను. అందులో రాకుమారుడి పేరు సుక్రు. ముందుగా ఆ తమ్ముడిని అడిగాను. "సరే గానీ అన్నా, గుర్రం కూడా ఇవ్వాల" అన్నాడు. ఇస్తాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థి, తొమ్మిదో తరగతి