బుర్ర పలికిందా... బాక్సు పలికిందా?

కిన్నెర నాదం పుట్టేది ఎండిన బుర్రలో. గిటార్ నాదం పుట్టేది పలుచటి చెక్కలో. కానీ జాతరలోనైనా, కాలేజీ వేదిక మీదైనా జనం చెవికి చేరేది సౌండ్ బాక్సులోంచి వచ్చిన మోతే. మరి వాయిద్యం మంచిదో కాదో, సౌండ్ మంచిదో కాదో వేరువేరుగా గుర్తుపట్టడం ఎలా?

వెదురు బొంగు. దాని కింద ఎండబెట్టిన బుర్రలు. బొంగు మీద తేనెమైనంతో నిలబెట్టిన పన్నెండు మెట్లు. వాటి మీదుగా సాగే తీగ. చూడ్డానికి అంతే! పాలమూరు పల్లెల్లో డక్కలి కళాకారులు తరతరాలుగా మోసుకు తిరిగిన పన్నెండు మెట్ల కిన్నెర ఇది. ఒక చేయి మెట్ల మీద, ఇంకో చేయి తీగ మీద. నోటితో పాట. పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు ఊరూరా తిరిగింది ఈ తీగల మీదుగానే.

కిన్నెర నిన్నమొన్నటిది కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీత రత్నాకరం’లో కిన్నరీ వీణ ప్రస్తావన ఉంది. ఇంచుమించు ఆ కాలం వాడే అయిన పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ చెప్పాడు. అంత పాత వాయిద్యం పేరు ఈ తరం పిల్లలకు తెలిసింది మాత్రం 2021లో. ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట మొదట్లో వినిపించిన గొంతు దర్శనం మొగులయ్యది. ఆయనది ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. మరుసటి ఏడాది, 2022లో ఆయన్ని పద్మశ్రీ వరించింది.

పాట కోట్లమందికి చేరింది. బాగానే ఉంది. కానీ అదే కిన్నెరను ఓ పెద్ద వేదిక మీద, వేలమంది ముందు వాయిస్తే? అక్కడే వస్తుంది చిక్కు.

చిన్న గొంతు... పెద్ద మైదానం

కిన్నెర పుట్టింది ఇంటి వాకిట్లో, రచ్చబండ దగ్గర వాయించడానికి. చుట్టూ కూర్చున్న యాభై మందికి వినిపిస్తే చాలు. కురుమూర్తి జాతరలోనో, చెర్వుగట్టు జాతరలోనో అడుగుపెట్టి చూడండి. ఒకవైపు డప్పులు, ఇంకోవైపు బొమ్మల కొట్ల పీపీలు, మధ్యలో డీజే. ఆ హోరులో బుర్ర నాదం పది అడుగులు కూడా దాటదు. అందుకే మైకు కావాలి.

అయితే మైకు పెట్టే పద్ధతే కొంప ముంచుతుంది. చాలా వేదికల మీద కళాకారుడి నోటి దగ్గర ఒక్కటే మైకు ఉంటుంది. కిన్నెర ఉండేది దానికి కిందెక్కడో. ఫలితం... గొంతు ఖంగుమంటుంది, కిన్నెర ఎక్కడో గొణుగుతుంది. వాయిద్యం వినిపించడం లేదని సౌండ్ అతను బటన్ తిప్పుతాడు. బాక్సు కుయ్యిమని కూత పెడుతుంది. జనం చెవులు మూసుకుంటారు. ‘ఈ వాయిద్యంలో పసలేదు’ అనుకుని వెళ్లిపోతారు. తప్పు బుర్రది కాదు, మైకుది. కానీ పేరు పోయేది బుర్రకే!

ఆ కూత ఎందుకొస్తుంది?

బాక్సులోంచి వచ్చిన శబ్దం గాలిలో తిరిగొచ్చి మళ్లీ అదే మైకులో దూరుతుంది. యాంప్లిఫయర్ దాన్ని మరింత పెంచి బాక్సుకు పంపుతుంది. అలా గిరగిరా తిరిగి చివరికి ఒకే స్వరం పట్టుకుని అరుస్తుంది. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. బోలుగా ఉండే వాయిద్యాలతో ఈ బాధ ఇంకా ఎక్కువ. బోలులోని గాలికి తనదంటూ ఓ స్వరం ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చేది అదే. మామూలు సైజు గిటార్‌లో ఆ స్వరం సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బాక్సులోంచి ఆ స్వరం గట్టిగా వస్తే చాలు, ఎవరూ ముట్టుకోకపోయినా పెట్టె మోగడం మొదలవుతుంది.

అంటే నాదానికి ప్రాణం పోసే బోలే, మైకు ముందు ప్రాణం తీస్తుందన్నమాట!

హెలికాప్టర్ ఇంజినీరు గిటార్

ఇదే చిక్కు అమెరికాలో గిటార్ వాళ్లకూ వచ్చింది. చార్లెస్ కామన్ అనే హెలికాప్టర్ల ఇంజినీరు 1960ల్లో ఒవేషన్ అనే గిటార్ కంపెనీ పెట్టాడు. ఆ గిటార్ వీపు బల్లపరుపుగా కాకుండా బుర్రలా గుండ్రంగా ఉంటుంది. అది చెక్క కాదు, ఫైబర్ గ్లాస్. పైచెక్క మీద తీగలు ఆనే చోట చిన్న పీజో స్ఫటికాలు అమర్చారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లోనే కనిపెట్టారు. తీగ కదిలితే స్ఫటికం నలుగుతుంది, ఆ నలుగుడు కరెంటుగా మారి బాక్సుకు వెళుతుంది. గాలిలోని మోతతో పని తక్కువ కాబట్టి కూత బెడద తగ్గింది. ఇవాళ దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఎకౌస్టిక్-ఎలక్ట్రిక్ గిటార్లు పనిచేసేదీ ఇలాగే.

మరి దీనికి లోపం లేదా? ఉంది. స్ఫటికానికి తీగ ఒత్తిడే తెలుస్తుంది. పెట్టెలో గుండ్రంగా తిరిగే గాలి నాదం దానికి సరిగా అందదు. అందుకే చౌక రకాల్లో సౌండ్ ప్లాస్టిక్ డబ్బా మీద గీటినట్టు గరగరలాడుతుంది. పైగా పీజో పికప్‌కి కనీసం పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మామూలు మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది పదివేల ఓమ్‌ల చుట్టూ. మధ్యలో ప్రీయాంప్ లేకుండా నేరుగా గుచ్చితే మంద్రమంతా ఎగిరిపోయి పీలగా వినిపిస్తుంది. గిటార్ పక్కన 9 వోల్టుల బ్యాటరీ పెట్టేది ఆ ప్రీయాంప్ కోసమే. బ్యాటరీ నీరసిస్తే స్వరం చిరిగినట్టు వస్తుంది. కొత్త గిటార్ పాడైందని కంగారుపడే ముందు బ్యాటరీ మార్చి చూడాలి.

ముందు చెవి... తర్వాతే వైరు

పిల్లలు గిటార్ కావాలని అడుగుతుంటే నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ బస్సెక్కే తల్లిదండ్రులు ఇప్పుడు చాలామందే. దుకాణంలో అడుగుపెట్టగానే వైరు గుచ్చి, ఎకో కలిపి వినిపిస్తే ఏ గిటారైనా కమ్మగానే ఉంటుంది. అందుకే ముందు వైరు లేకుండా వినాలి.

* ఒక తీగ మీటి వదిలేయండి. నాదం నిదానంగా తగ్గాలి. టక్కున చచ్చిపోతే చెక్కలో జీవం లేనట్టే.

* నాదరంధ్రం అంచు చూడండి. పైచెక్క గీతలు అంచులోకీ అలాగే దిగితే అది అసలు చెక్క. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. ప్లైవుడ్ పనికిరాదని కాదు, ఎండలకు బాగానే తట్టుకుంటుంది. కానీ అసలు చెక్క ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

* కిన్నెరకు పన్నెండు మెట్లు. గిటార్‌లోనూ పన్నెండో మెట్టే పరీక్ష. అక్కడ తీగను నొక్కి మీటండి. తర్వాత నొక్కకుండా సరిగ్గా ఆ మెట్టు మీద వేలు తాకించి మీటి, వేలు తీసేయండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. తేడా వస్తే తీగలు మార్చి చూడమనండి. అప్పటికీ తేడా ఉంటే సరిచేయించేదాకా ఆ గిటార్ పైమెట్ల మీద శ్రుతి తప్పుతుంది.

* అన్ని మెట్ల మీదా నొక్కి వినండి. ఎక్కడైనా జిర్రుమంటే సరిచేయించాలి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే పిల్లల వేళ్లు పుండ్లు పడతాయి.

ఇప్పుడు వైరు గుచ్చండి. ఎకో తీసేయమనండి. ఈక్వలైజర్ మీటలన్నీ మధ్యలో ఉంచమనండి. ఆరు తీగలూ సమానంగా వినిపిస్తున్నాయా? కొన్ని గిటార్లలో ఒక తీగ అరుస్తుంది, పక్కది గొణుగుతుంది. పికప్ సరిగా కూర్చోలేదన్నమాట. వాయించడం ఆపి వినండి, గుయ్‌మనే మోత ఉండకూడదు. మెల్లగా, గట్టిగా వాయించి చూడండి, ఆ తేడా బాక్సులోనూ తెలియాలి. చివరగా మళ్లీ వైరు పీకి వాయించమనండి. రెండూ ఒకే వాయిద్యంలా అనిపిస్తే అది కొనదగ్గది.

ఇంటికి తెచ్చాకా ఓ మాట. మన వేసవి నలభై డిగ్రీలు దాటుతుంది. కారు డిక్కీలోనో, రేకుల కిందో పెడితే చెక్క చీలుతుంది, అతుకు విడుతుంది. కిన్నెర మెట్లను పట్టి ఉంచే మైనానికీ ఎండ శత్రువే.

ఇంకో దారి మాండలిన్‌ది

బోలుతో ఇన్ని బాధలుంటే ఆ బోలే తీసేస్తే? పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) ఆ దారే పట్టాడు. మామూలు మాండలిన్‌లో స్వరం పుట్టీ పుట్టగానే ఆగిపోతుంది. గమకం పలకాలంటే అది సాగాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టి, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు కట్టి కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. అక్కడ కరెంటు కూడా వాయిద్యంలో భాగమే. కిన్నెర సంగతి అది కాదు. బుర్ర తీసేస్తే మిగిలేది వెదురు బొంగే!

మరి కిన్నెరకు ఏం చేయాలి?

పెద్ద ఖర్చేం అక్కర్లేదు. పాటకు ఒక మైకు, బుర్రకు ఇంకో మైకు. బుర్రకు జానెడు నుంచి మూరెడు దూరంలో పెట్టి, ఎక్కడ కమ్మగా ఉందో చెవితో వెతకాలి. దూరం సగమైతే మైకుకు నేరుగా అందే ధ్వని ఒత్తిడి రెట్టింపవుతుంది. కాబట్టి బటన్ తిప్పే బదులు మైకును దగ్గరకు జరపడం మేలు. మరీ దగ్గరైతే మంద్రం ఉబ్బిపోతుంది. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ వాయిద్యానికీ మధ్య దూరానికి మూడు రెట్లయినా ఉంటే ఒకదాని మోత ఇంకోదాన్ని చెడగొట్టదు. పెద్ద బాక్సులు మైకుల కన్నా ముందుండాలి, జనం వైపు తిరిగి ఉండాలి. ఇక ఎకో... దాన్ని ఆపేస్తే అసలు బుర్ర వినిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కార్యక్రమానికి ముందు కళాకారుడికి సౌండ్ చూసుకునే పది నిమిషాలు ఇవ్వడం. సినిమా పాటగాళ్లకు గంటలు ఇచ్చే చోట కిన్నెర కళాకారుడికి ఆ పది నిమిషాలు దొరకడం కష్టం.

కిన్నెర వాయించేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. నేర్చుకునే పిల్లలు రావాలంటే ముందు వాళ్లకు అది అందంగా వినిపించాలి. ఈసారి మీ ఊరి వేదిక మీద కిన్నెర కనిపిస్తే కాస్త ముందు వరసలో కూర్చోండి. మీ పిల్లల్నీ కూర్చోబెట్టండి. బాక్సు వైపు కాదు... బుర్ర వైపు చెవి పెట్టమని చెప్పండి!