నల్ల బూజు, కోళ్ళ దాణా



ఉల్లిగడ్డలు నిలవచేసినప్పుడు పొట్టు మీద మసి పూసినట్టు నల్లని బూజు పట్టడం మీరెరుగుదురు. ఆ బూజును శాస్త్రజ్ఞులు ఆస్పర్జిల్లస్ నైగర్ అంటారు. మన గడ్డలను పాడుచేసే ఈ జాతి బూజు చేతనే నేడు కార్ఖానాలలో కోళ్ళ దాణాకు పనికివచ్చే ఫైటేజ్ అనే ఎంజైమును తయారు చేయిస్తున్నారు. అది ఎట్లా సాధ్యమైనది, వాడేటప్పుడు మనం ఎక్కడ పొరబడతాము అన్నది ఈవేళ ముచ్చటించుకుందాము.

ముందు అవసరమేమిటో చూతాము. కోడి ఎముకలకు, గుడ్లకు భాస్వరం కావలెను. మొక్కజొన్నలో, సోయా చెక్కలో, నూనె తీసిన తవుడులో భాస్వరం లేకపోలేదు. కాని అందులో సుమారు మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లం రూపంలో బిగిసి ఉంటుంది. పెట్టెలో సొమ్మున్నది, తాళంచెవి లేదు! ఆ తాళం తీసే ఎంజైము కోడి కడుపులో చాలినంత ఉండదు. అందుచేత ఆ భాస్వరం చాలావరకు రెట్టలో పోతుంది. లోటు తీర్చడానికి మనం డి.సి.పి., అనగా డై కాల్షియం ఫాస్ఫేటు, డబ్బుపెట్టి కొని కలుపుతున్నాము.

తాళంచెవి వంటి ఎంజైమే ఫైటేజ్. దీనిని 1907లోనే జపాను శాస్త్రజ్ఞులు బియ్యపు తవుడులో కనుగొన్నారు. నల్ల బూజు కూడా దీనిని చేస్తుంది. అయితే చేసేది బహు స్వల్పం. అదైనా తనకు భాస్వరం కరువైనప్పుడే.

ఎందుచేత? జీవకణం చేసే ప్రతి మాంసకృత్తుకూ ఒక జన్యువు ఉంటుంది. ఫలానా వస్తువు ఇట్లా తయారు చేయమని చెప్పే ఉత్తర్వు అది. ఆ ఉత్తర్వు ఎప్పుడు అమలు కావలెనో నిర్ణయించే భాగం దాని ముందు ఉంటుంది. మన పంపుసెట్టుకు స్టార్టరు ఎట్లాగో, జన్యువుకు ఇది అట్లాగు. ఫైటేజ్ జన్యువు స్టార్టరు భాస్వరం కరువైతేనే పడుతుంది.

ఇదే బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే మరొక ఎంజైమును మాత్రం ధారాళంగా చేస్తుంది. హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు ఆ ఎంజైము జన్యువు స్టార్టరును తెచ్చి ఫైటేజ్ జన్యువుకు తగిలించారు. పైగా ఆ జన్యువుకు అనేక ప్రతులు చేసి బూజులో చేర్చారు. మోటారు ఒక్కటి కాక నాలుగు పెట్టినట్టన్నమాట! 1991లో ఈ ఫైటేజ్ అక్కడి అంగడికి వచ్చినది. పందులు, కోళ్ళు కిక్కిరిసిన ఆ దేశంలో ఎరువుతో పోయే భాస్వరం నీటిని చెరుపుతూ ఉండేది. అందుకే వారికి దాని అవసరం ముందు కలిగినది.

"అయ్యా, బూజు పట్టిన దాణా విషమని మీరే చెబుతారు. ఇప్పుడు బూజు సరుకు కలపమంటారేమి?" అని మీరడగవచ్చును. దాణాలో అఫ్లాటాక్సిన్ విషం చేసేది ముఖ్యంగా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే వేరొక బూజు. కార్ఖానాలో బూజును తొట్లలో పెంచి, వడపోసి, అది విడిచిన ఎంజైమును మాత్రమే తీసుకుంటారు. ఎంజైము జీవి కాదు, మాంసకృత్తు. అది దాణాలో పెరగదు. కాని గుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టినట్టు, ఇదీ వేడికి చెడిపోతుంది.

ఇక్కడే నేనొక పొరపాటు చేశాను. ఒక వేసవిలో ఒక గుడ్ల కోళ్ళ రైతుకు ఫైటేజ్ వేసి డి.సి.పి. తగ్గించమని చెప్పి వచ్చాను. ఆయన ఆ పొడిని నెలల ముందే ఖనిజ మిశ్రమంలో కలిపి, రేకుల షెడ్డులో ఉంచాడని నేనడగలేదు. కొద్ది వారాలకు గుడ్లు తగ్గినవి, కొన్ని కోళ్ళు కాళ్ళు పట్టుదప్పి కూలబడినవి. "మీ మాట విన్నాను గదండీ" అన్నాడాయన. నావద్ద జవాబు లేదు. డి.సి.పి. మళ్ళీ పూర్తిగా వేయించితే మంద మెల్లగా తేరుకున్నది. కూలబడిన కోళ్ళన్నీ మాత్రం లేవలేదు.

కావున ఈ సంగతులు గుర్తుంచుకోండి. పొట్లం మీద గ్రాముకు ఎన్ని యూనిట్లో చదవండి. 5,000 యూనిట్ల సరుకైతే టన్ను దాణాకు 100 గ్రాములు కలిపితే కిలోకు 500 యూనిట్లు వస్తవి. ఈ మోతాదు సాధారణంగా టన్నుకు సుమారు 1 కిలో భాస్వరం ఆదా చేస్తుంది. 18 శాతం భాస్వరం గల డి.సి.పి.లో అది 5½ కిలోలకు సమానం. తయారీదారు సూచన, పశువైద్యుని సలహా చూచి తగ్గించండి. తగ్గించకపోతే రెండు ఖర్చులూ మీవే.

100 గ్రాములను నేరుగా టన్నులో చల్లవద్దు. ముందు 5, 10 కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, తరువాత మొత్తంలో కలపండి. పొట్లాన్ని చల్లని, పొడి చోట ఉంచండి. గడువు తేదీ చూడండి. గుళికల దాణా చేయించేవారు వేడికి తట్టుకునే రకమా అని అడిగి కొనండి.

విస్తరణ మిత్రులకు ఒక మాట. డి.సి.పి. తగ్గించమని చెప్పేముందు, పొట్లం ఎక్కడ దాచారో వెళ్ళి మీ కళ్ళతో చూడండి.

సెలవు.