వాయిదా జీతం: పద్దులో ఉన్న సొమ్ము

గత నెల తనిఖీ పని మీద ఒక సంఘానికి వెళ్ళాము. ఉదయం పాలసేకరణ ముగిసిన పిదప ఒక సభ్యుడు మా వద్దకు వచ్చి ఫోనులో ఒక కాగితం చూపారు. అమెరికాలో పెద్ద ఉద్యోగంలో ఉన్న వారి అబ్బాయికి కంపెనీ ఇచ్చినది. "జీతంలో కొంత ఇప్పుడు వద్దంటే తరువాత ఇస్తారట సార్, సంతకం పెట్టమనాలా వద్దా?" అని వారి ప్రశ్న. మన సంఘాలలో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు గనుక, మేము విచారించి తెలుసుకున్నది అందరికీ తెలియజేస్తున్నాము.

ఈ పథకాన్ని అక్కడ 'నాన్ క్వాలిఫైడ్ డిఫర్డ్ కాంపెన్సేషన్' అంటారు. వాయిదా జీతం అనుకుందాము. అక్కడి ఉద్యోగులకు మన ప్రావిడెంట్ ఫండ్ వంటి 401(కె) ఖాతా ఉంది. అందులో ఉద్యోగి తన జీతం నుంచి పన్ను లేకుండా వేసుకొనే సొమ్ముకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. 2025 సంవత్సరానికి సామాన్యంగా అది 23,500 డాలర్లు. పెద్ద జీతగాళ్ళకు ఇది చాలదు. అందుచేత కంపెనీలు పైస్థాయి ఉద్యోగులకు మాత్రమే ఈ రెండవ ఏర్పాటు చేస్తాయి.

ఉదాహరణకు 3 లక్షల డాలర్ల జీతగాడు 50 వేలు వాయిదా వేసుకుంటే, ఆ ఏడు ఆదాయపు పన్ను మిగిలిన రెండున్నర లక్షల మీదనే లెక్కిస్తారు. ఆ 50 వేలు కంపెనీ పుస్తకాలలో అతని పేర జమపడి, లెక్క ప్రకారం పెరుగుతూ పోతుంది. చేతికి వచ్చిన ఏడు పన్ను కట్టాలి. కంపెనీకి కూడా ఆ సొమ్మును ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొనే అవకాశం అప్పుడే వస్తుంది. కంపెనీకి అసలు లాభం వేరు: మంచి ఉద్యోగి వదిలిపోడు, డబ్బు అంతకాలం తన వద్దనే తిరుగుతుంది. కంపెనీ తన వంతుగా కలిపే సొమ్ముకు ఇన్నేళ్ళు పనిచేయాలనే షరతు ఉండటం కూడా కద్దు.

ఇక ముఖ్యమైన మాట. 401(కె) సొమ్ము కంపెనీ చేతి నుంచి బయటకు పోయి విడి ట్రస్టులో ఉంటుంది. వాయిదా జీతం అలా కాదు. అది కంపెనీ ఇచ్చిన మాట మాత్రమే. కొన్ని కంపెనీలు 'రబ్బీ ట్రస్టు' అని పెడతాయి. మొదట ఒక యూద మతగురువు విషయంలో పన్ను శాఖ దీనిని ఒప్పుకోవడం వల్ల ఆ పేరు వచ్చింది. యాజమాన్యం మనసు మార్చుకున్నా అందులోని సొమ్ము కదలదు గాని, కంపెనీ దివాలా తీస్తే అప్పులవాళ్ళకే పోతుంది. తాకట్టు లేని అప్పులవాళ్ళ వరుసలో ఉద్యోగి కూడా ఒకడు.

ఇందుకు ఎన్రాన్ కంపెనీయే సాక్ష్యం. 2001 డిసెంబరులో అది దివాలా తీసింది. అంతకు ముందు కొద్ది వారాలలో కొందరు పెద్ద ఉద్యోగులు తమ వాయిదా సొమ్ము 5 కోట్ల డాలర్లకు పైగా ముందుగానే తీసుకున్నారు. అడిగినా దొరకనివారు కోర్టు మెట్ల వద్ద మిగిలారు. ఆ పిదప 2004లో అక్కడి పన్ను చట్టంలో 409ఎ అనే సెక్షను చేర్చారు. జీతం సంపాదించే సంవత్సరం మొదలు కాకముందే ఎంత, ఎప్పుడు అన్నది రాసివ్వాలి. ఉద్యోగం మానడం, అంగవైకల్యం, మరణం, ముందే రాసుకున్న తేదీ, కంపెనీ చేతులు మారడం, ఊహించని ఆపద, ఈ సందర్భాలలోనే చెల్లింపు జరగాలి. తప్పితే పన్నుకు తోడు 20 శాతం అదనపు పన్ను, దానిపై వడ్డీ. ఆ భారం కంపెనీ మీద కాదు, ఉద్యోగి మీదనే! ఇది మాకు న్యాయంగా తోచలేదు.

ఈ సంగతి చెబుతుంటే మాకు పాత తనిఖీ ఒకటి గుర్తుకు వచ్చింది. ఒక సంఘంలో ఆస్తి అప్పుల పట్టికలో ఏటేటా టెస్టరు గ్రాట్యుయిటీకి కేటాయింపు చక్కగా రాశారు. అతను విరమించిన నాడు చూస్తే బ్యాంకులో ఒక్క రూపాయి డిపాజిట్టు లేదు; సొమ్మంతా పాలకేంద్రం గదులకు ఖర్చయిపోయింది. పాపం, అతను రెండేళ్ళపాటు వాయిదాలలో తీసుకున్నాడు.

కాబట్టి ఆ సభ్యునికి మేము చెప్పినది ఇది. కంపెనీ ఆర్థిక స్థితి ఎట్లున్నదో అబ్బాయిని చూసుకోమనండి. ఇల్లు కొనుక్కోవడానికో, చెల్లెలి పెళ్ళికో మధ్యలో తీయడం కుదరదు, దానిపై అప్పు పుట్టదు, ఉద్యోగం మారితే 401(కె) మాదిరి కొత్త ఖాతాకు మార్చుకోవడమూ లేదు. ఉద్యోగం మానితే ఒకేసారి ఇస్తారా, ఏళ్ళ తరబడి ఇస్తారా అన్నది ఇప్పుడే రాసివ్వాలి గనుక, ఇండియాకు తిరిగివచ్చే ఆలోచన ఉంటే ఇక్కడి పన్ను సంగతి కూడా ఆడిటరును ముందే అడగాలి. అన్నీ చూసుకొని, లేకపోయినా ఇల్లు గడిచేంత సొమ్మే వాయిదా వేయమనండి. వచ్చే ఏడాది జీతానికి సామాన్యంగా డిసెంబరు 31 లోపలే రాసివ్వాలి. కంపెనీలు అంతకన్నా ముందు గడువు పెట్టడమూ ఉంది.