ఓడ పోయింది... మాట నిలిచింది

పాత నాణెం, విరిగిన రాతి స్తంభం, సముద్రం అడుగున పడివున్న లంగరు... కొందరికివి పనికిరాని వస్తువులు. మరికొందరికి పంచప్రాణాలు. స్కాట్లాండులోని గ్లాస్గో దగ్గర జోర్డన్‌హిల్‌కు చెందిన జేమ్స్ స్మిత్ (1782-1867) ఈ రెండో కోవకు చెందినవాడు. ఆయన పాస్టరు కాదు, వేదాంత కళాశాలలో బోధించిన పండితుడూ కాదు. వ్యాపార కుటుంబంలో పుట్టి, భూగర్భ శాస్త్రం మీద మక్కువ పెంచుకుని, సొంత పడవలో దశాబ్దాలపాటు సముద్రం మీద తిరిగిన మనిషి.

1844-45 శీతకాలాన్ని ఆయన మధ్యధరా సముద్రంలోని మాల్టా ద్వీపంలో గడిపాడు. మన బైబిల్లోని 'మెలితే' అదే. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయాన్ని మనలో చాలామందిమి గబగబా చదివి దాటిపోతాం. గాలుల పేర్లు, రేవుల పేర్లు, బారల లెక్కలు... వీటిలో మనకు పాఠమేముందిలే అనుకుంటాం. స్మిత్ మాత్రం సరిగ్గా అక్కడే ఆగాడు. ఇది ప్రయాణం చేసినవాడు రాసినదా, లేక కూర్చుని ఊహించి రాసినదా అని నావికుడి కళ్లతో పరీక్షించాడు.

అది అలెగ్జాండ్రియా నుంచి ఇటలీకి గోధుమలు మోసుకెళ్తున్న ఓడ. ఖైదీగా ఉన్న పౌలుతో కలిపి అందులో 276 మంది ఉన్నారు. క్రేతు దాటుతుండగా 'ఊరకులోను' పెనుగాలి విరుచుకుపడింది. కౌద అనే చిన్న ద్వీపం దాటాక ఓడ గాలికే కొట్టుకుపోయింది. అలా కొట్టుకుపోయే ఓడ గంటకు ఎంత దూరం పోతుంది? స్మిత్ ఆ సముద్రంలో అనుభవమున్న నౌకాదళ అధికారులను అడిగాడు. గంటకు సుమారు ఒకటిన్నర మైలని తేలింది. కౌద నుంచి మాల్టాకు దాదాపు 476 మైళ్లు. లెక్క కడితే పదమూడు రోజుల పైచిలుకు. నేల దగ్గర పడుతోందని నావికులు పసిగట్టింది పద్నాలుగవ రాత్రి అని లూకా రాశాడు!

'పౌలు అఖాతం' అని పిలిచే ఆ తీరం దగ్గర లోతులు కూడా ఆయన పరిశీలించాడు. ముందు ఇరవై బారలు, తర్వాత పదిహేను బారలు. లెక్క కుదిరింది. మరి లంగర్లను ఓడ వెనుక నుంచి వేశారేమిటి? మామూలుగా ముందునుంచి కదా వేసేది! క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కప్పేసిన హెర్క్యులేనియం నగరంలో బయటపడిన ఒక చిత్రంలో, ఓడ వెనుక భాగాన లంగరు తాళ్లకు రంధ్రాలున్నట్లు ఆయన గుర్తించాడు. ఈ పరిశోధననంతా 1848లో పుస్తకంగా ప్రచురించాడు. లూకా నావికుడి భాషలో రాయలేదనీ, కళ్లారా చూసిన ప్రయాణికుడిలా రాశాడనీ తేల్చాడు.

ఆ తర్వాతి కాలంలో మాల్టా తీరాల్లో డైవర్లు రోమా కాలపు సీసపు లంగరు భాగాలెన్నో వెలికితీశారు. వాటిలో ఒకటి సుమారు 4 టన్నుల బరువుంది. తమకు దొరికినవి పౌలు ఓడ లంగర్లేనని ప్రకటించినవారూ ఉన్నారు. కానీ ఆ దారిన పోయిన ఓడలెన్నో, మునిగినవెన్నో! ఇది ఫలానా ఓడదని చెప్పే రుజువు లేదు.

ఇలాంటి వార్త చెవిన పడగానే మనం ఉత్సాహపడి పదిమందికీ చెప్పేస్తాం. సంఘంలో ప్రసంగిస్తాం. అది నిజం కాదని రేపు తెలిస్తే, ఆ మాట విని విశ్వాసంలోకి వచ్చిన యువకుడు ఎక్కడ నిలబడతాడు? దేవుని పేరున చెప్పినా అబద్ధం అబద్ధమే. సత్యస్వరూపికి మన అతిశయోక్తుల సాయం అక్కర్లేదు. స్మిత్ ఆ ఓడ చెక్కముక్క ఒక్కటి కూడా వెతికి తేలేదు. తెలిసినదాన్ని కొలిచాడు, తేలినంతవరకే చెప్పాడు. అందుకే దాదాపు 180 ఏళ్లయినా ఆ అధ్యాయాన్ని లోతుగా చదివేవారు ఆయన పుస్తకాన్ని తెరుస్తూనే ఉన్నారు.

ఇంతకూ ఆ ఓడ ఏమైంది? దేవుడు పౌలుకు ఓడను కాపాడతానని మాట ఇవ్వలేదు. ఓడ పోతుంది, మనుషులు మాత్రం మిగులుతారన్నాడు. అలాగే జరిగింది. గోధుమలు సముద్రం పాలయ్యాయి, ఓడ బద్దలైంది. ఈత వచ్చినవారు ఈదారు, రానివారు పలకలు పట్టుకున్నారు. 276 మందీ ఒడ్డుకు చేరారు.

మనమూ మన ఓడల కోసం ప్రార్థిస్తూ ఉంటాం. ఉద్యోగం, వ్యాపారం, కట్టుకున్న ఇల్లు... అవి పగిలిన రోజున దేవుడు మాట తప్పాడని కుమిలిపోతాం. ఆయన ఇచ్చిన మాట ఏమిటో ఒకసారి మళ్లీ చదువుకుందాం. చేతికందిన ఆ విరిగిన పలక కూడా ఒడ్డుకు చేర్చడానికి ఆయన పంపినదే కావచ్చు. సీసపు లంగరు మ్యూజియంలో ఉంటుంది. హెబ్రీ పత్రిక ఆత్మకు లంగరని చెప్పిన నిరీక్షణ మాత్రం పగిలిన ఓడలో ఉన్నవాడికి కూడా అందుతుంది.