కారు అద్దం దగ్గర ఈల... మూసే ముందు వెతకండి!

తెల్లవారుజామున నాలుగున్నరకు షార్జా సజ్జా క్యాంపు నుంచి మా కారు కదులుతుంది. బండిలో ఐదుగురం. నడిపేది జగిత్యాల అన్న. పక్క సీట్లో మేము. వెనక కడప తమ్ముడు, ఇద్దరు నిజామాబాద్ వాళ్లు. లేబర్ బస్సు వచ్చేలోపే ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు సైట్లో ఉండాలి. అందుకే 2023 చివర్లో ముగ్గురం తలా కొంత వేసుకుని తొమ్మిది వేల దిర్హమ్‌లకు 2011 మోడల్ సెడాన్ ఒకటి కొన్నాం. ఇంజిన్ బాగుంది, ఏసీ బాగుంది, ముల్కియా కూడా కొత్తగా రెన్యువల్ అయింది. ఇంకేం కావాలి అనుకున్నాం.

ఎమిరేట్స్ రోడ్డు ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఎనభై దాటగానే డ్రైవర్ చెవి దగ్గర సన్నగా ఈల మొదలయ్యేది. వంద దాటితే ఈలకు తోడు హోరు. ఇసుక గాలి వీచిన రోజున డ్యాష్‌బోర్డు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఫోన్ మాట్లాడలేం, పాట వినలేం. రోజుకు రెండు గంటలు ఆ మోతలో కూర్చుని సైటులో దిగితే, పని మొదలు కాకముందే తల దిమ్మెక్కేది.

'పాత బండి కదా, ఆ మాత్రం చప్పుడు ఉంటది' అని సర్దుకున్నాం. మనవాళ్లలో చాలామంది ఇలాగే సర్దుకుంటారని తెలిసే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హారన్ వినపడలేదు

2024 జనవరిలో ఒక రోజు పొగమంచు దట్టంగా పట్టింది. అన్న లైను మారబోయాడు. వెనక నుంచి వస్తున్న ట్రెయిలర్ హారన్ కొడుతూనే ఉంది. మాకు వినపడింది మాత్రం అది పక్కకు వచ్చాకే. అన్న స్టీరింగ్ వెనక్కి తిప్పాడు కాబట్టి ఈ రోజు ఈ ముక్కలు రాయగలుగుతున్నాం.

బండి పక్కకు ఆపి కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"తమ్మీ, హారన్ ఇనవడనే లేదు. ఈ గాలి మోతల ఏం ఇనవడ్తది?" అన్నాడు అన్న.

"వాడు కొడతానే ఉండాడన్నా, మనకే ఇనపడలా" అన్నాడు కడప తమ్ముడు.

ఆ రోజు నుంచి ఆ చప్పుడు మాకు విసుగు కాదు, భయం అయింది.

మేము చేసిన తప్పు

గ్యారేజ్‌లో అడిగితే నాలుగు తలుపుల రబ్బర్లూ మార్చాలి, తొమ్మిది వందల దిర్హమ్‌లు అన్నారు. ఇంటికి డబ్బు పంపే నెల. మేమేమో సివిల్ డిప్లొమా చేసినవాళ్లం, రోజూ బిల్డింగుల అద్దాలు బిగించే పని దగ్గరుండి చేయించేవాళ్లం. 'ఇంతోటి దానికి గ్యారేజ్ ఎందుకు?' అని అద్దాలకు వాడే సిలికాన్ ట్యూబులు రెండు కొనుక్కొచ్చాం. సెలవు రోజున కూర్చుని నాలుగు తలుపులకూ ఎక్కడ సందు కనపడితే అక్కడ నింపేశాం. తలుపు కింది అంచులో ఉన్న చిన్న చిన్న చీలికలు కూడా వదల్లేదు.

చప్పుడు తగ్గలేదు. పైగా ఆ సిలికాన్‌కు వెనిగర్ లాంటి ఘాటు వాసన. ఆ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. అది కూడా మాకు తర్వాతే గుర్తొచ్చింది.

2024 ఏప్రిల్ 16 ఈ దేశంలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. 1949 నుంచి లెక్కలు రాస్తుంటే ఎన్నడూ లేనంత వాన. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. మా కారు క్యాంపులో ఎత్తు మీద ఉంది, చక్రాల దాకా కూడా నీళ్లు రాలేదు. బతికిపోయింది అనుకున్నాం. వాన వెలిశాక తలుపు తెరిస్తే లోపల నీళ్లు గలగలమన్నాయి, కుండ కదిలించినట్టు. డ్రైవర్ వైపు అద్దం మోటారు పోయింది. కింద కార్పెట్ తడిసి వారం రోజులు వాసన.

ఎందుకంటే, కారు తలుపు లోపలి డొల్ల అసలు నీళ్లు రాకుండా చేసిన చోటు కాదు. వాన నీరు అద్దం మీంచి జారి తలుపులోకి దిగుతుంది. కింది అంచులో ఉన్న చీలికల్లోంచి బయటికి పోతుంది. మేము మూసేసింది ఆ చీలికల్నే.

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, అల్యూమినియం కిటికీ ఫ్రేముకు కింద నీరు పోయే రంధ్రాలు ఉంటాయి. అవి సిలికాన్‌తో మూసుకుపోతే సైట్లో పిల్లల్ని కేకలేసేది మేమే. మా సొంత కారు దగ్గరికి వచ్చేసరికి అదే పని మేము చేశాం.

నిలబడ్డ కారులో కనపడని సందు

అప్పుడు బుద్ధి తెచ్చుకుని మొదటి నుంచి ఆలోచించాం. ఆగి ఉన్న కారులో అద్దం చుట్టూ సందు ఎందుకు కనపడదు?

బండి పరుగెత్తేటప్పుడు అద్దం పక్కనుంచి గాలి వేగంగా జారిపోతుంది. అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుంది. లోపలి గాలి అద్దాన్ని, తలుపు పైభాగాన్ని బయటికి నెడుతుంది. రబ్బరు మెత్తగా ఉంటే ఆ కాస్త ఎడాన్నీ అది సాగి నింపుతుంది. ఇక్కడి ఎండకు ఎండి గట్టిపడిపోయి ఉంటే నింపలేదు, సందు తెరుచుకుంటుంది. వేగం రెండింతలైతే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. అందుకే అరవైలో గుసగుసలాడిన కారు నూట ఇరవైలో కేక పెడుతుంది.

సన్నటి ఈల వస్తే సందు చిన్నది. హోరు వస్తే పెద్దది. ఇంకో మాట. చప్పుడు వినిపించిన చోటే సందు ఉంటుందని లేదు. క్యాబిన్ చిన్నది, శబ్దం అద్దాలకు తగిలి తిరుగుతుంది. డ్రైవర్ చెవి దగ్గర వినపడేది వెనక తలుపుది కావచ్చు. మాకు అదే అయింది.

పేపరు, సుద్దముక్క, టేపు

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు.

మొదటిది పేపరు. బిల్లు కాగితం ఒకటి రబ్బరు మీద పెట్టి తలుపు వేసి మెల్లగా లాగండి. కాస్త పట్టి పట్టి రావాలి. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదు. తలుపు చుట్టూ జానెడు జానెడు దూరంలో ఇలా చూడాలి.

రెండోది సుద్దముక్క. రబ్బరు మీద సుద్ద రాసి తలుపు వేసి తీయండి. ఎదుటి ఇనుము మీద గీత అంతా ఒకేలా పడాలి. ఎక్కడ తెగితే అక్కడ లోపం.

మూడోది రాత్రి పూట టార్చి. ఒకరు లోపల కూర్చుని రబ్బరు వెంట వెలుగు వేస్తుంటే ఇంకొకరు బయట చూడాలి.

అన్నిటికన్నా గట్టిది టేపు పరీక్ష. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపుతో ఒక తలుపు సందులు, అద్దం అంచులు బయటి నుంచి మూసేయాలి. అది పల్చటి కాగితం టేపు, లోపలి నుంచి తలుపు తోస్తే తెగిపోతుంది కాబట్టి దిగడానికి భయం లేదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్లాలి. వినే పని పక్కన కూర్చున్నవాళ్లది. నడిపేవాళ్లు రోడ్డే చూడాలి. చప్పుడు తగ్గకపోతే టేపు ఇంకో తలుపుకు మార్చాలి. తగ్గితే టేపు కొంచెం కొంచెం తీసుకుంటూ వెళ్తే ఏ మూలన సందు ఉందో దొరుకుతుంది. ఎక్కడ టేపు వేసినా తగ్గకపోతే అది లీకు కాదు, పక్క మిర్రర్‌కో పైన క్యారియర్‌కో గాలి తగిలే చప్పుడు.

మాకు రెండు గంటలు పట్టింది. ఈల డ్రైవర్ అద్దం వెనక పై మూలది. హోరూ దుమ్మూ మాత్రం అన్న వెనక ఉన్న తలుపువి. ఆ తలుపు మీద మాకు అనుమానమే రాలేదు.

బాగుచేసిన తీరు

ముందు సిలికాన్ అంతా ప్లాస్టిక్ బద్దతో గీకి తీశాం. కింది రంధ్రాలు తెరిచి, పైనుంచి మగ్గుతో నీళ్లు పోసి, కింద కారుతున్నాయని కళ్లారా చూశాం.

అద్దం నడిచే రబ్బరు గాడి సంగతి చూడండి. అందులో ఇసుక పేరుకుంటే అద్దం మెల్లగా ఎక్కుతుంది, చివరి వెంట్రుకవాసి ఎక్కకుండా ఆగిపోతుంది. పల్చటి స్కేలుకు తడిగుడ్డ చుట్టి గాడి అంతా తుడిచాం. ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాం. ఇది సందులు నింపే సిలికాన్ కాదు, రబ్బరును మెత్తగా, జారుడుగా ఉంచేది. ఇరవై అయిదు దిర్హమ్‌లకు డబ్బా వచ్చింది. పై మూలలో రబ్బరు గాడిలోంచి ఊడి ఉంది. వేలితో నొక్కి కూర్చోబెట్టాం. ఈల అక్కడికక్కడే పోయింది.

తలుపు చుట్టూ ఉండే రబ్బరును మనవైపు బీడింగ్ అంటారు. సబ్బు నీళ్లతో కడిగితే సగం ప్రాణం వస్తుంది. అణిగిపోయి, పగుళ్లు పడి ఉంటే మార్చాల్సిందే. షార్జా సనయ్యలో పాత స్పేర్ పార్టుల దుకాణాల్లో అదే మోడల్‌ది వెతికితే వెనక తలుపుకు అరవై దిర్హమ్‌లకు దొరికింది. పెట్టేటప్పుడు సాగదీయకూడదు. సాగదీసి పెడితే కొన్నాళ్లకు ముడుచుకుని మూలల్లో విడిపోతుంది. మూలలు ముందు కూర్చోబెట్టి, అతుకు కింది వైపు వచ్చేలా చూసుకోవాలి.

రబ్బరు బాగున్నా తలుపు ఆనకపోతే లాక్ కొక్కెం చూడాలి. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్క్రూలు కాస్త వదులు చేసి, ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించాలి. అంతకన్నా ఎక్కువ వద్దు. తలుపు రెండు టక్కులూ పలికి పూర్తిగా పడుతోందో లేదో తప్పక చూడాలి. సగం లాక్ పడ్డ తలుపు గాలి చప్పుడు కన్నా ప్రమాదం.

ఇక మా వెనక తలుపు అసలు జబ్బు రబ్బరు ఒక్కటే కాదు. దాని ప్యానెల్ మేము విప్పలేదు. కొన్ని బండ్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు తలుపులోనే ఉంటాయి, అది గ్యారేజ్ పని. ఉస్తాద్ విప్పి చూపించాడు. లోపల ప్లాస్టిక్ షీటు సగం చిరిగి వేలాడుతోంది. మాకంటే ముందు ఎవరో అద్దం మోటారు మార్చి, షీటు తిరిగి అతికించకుండా మూసేశారు. తలుపు డొల్లకూ మనం కూర్చునే చోటికీ మధ్య అడ్డుగోడ ఆ షీటే. అది లేకపోతే దుమ్ము, గాలి, నీరు మూడూ లోపలికే. కొత్త షీటు అతికించడానికి యాభై తీసుకున్నాడు.

లెక్క చూస్తే బాగుచేసుకోవడానికి 135 దిర్హమ్‌లు. మా తెలివికి పాడైన మోటారు మార్చడానికి 250.

ఇవి మాత్రం చెయ్యకండి

రబ్బరుకు పెట్రోలు, ఇంజిన్ ఆయిల్, వ్యాజ్‌లీన్ రాయకండి. ముందు మెత్తబడినట్టు ఉంటుంది, తర్వాత ఉబ్బి పాడవుతుంది.

దుమ్ము గాలిలో ఏసీ ఎప్పుడూ లోపలి గాలి మీదే పెట్టి ఉంచకండి. ఐదుగురం ఊపిరి తీసి వదిలిన గాలే తిరుగుతుంటే నడిపేవాళ్లకు మత్తు కమ్ముతుంది. మధ్యమధ్య బయటి గాలికి మార్చండి. ఫిల్టర్ శుభ్రంగా ఉండి ఫ్యాన్ జోరుగా ఉంటే లోపలి ఒత్తిడికి సందుల్లోంచి దుమ్ము దూరడం కూడా తగ్గుతుంది.

డిక్కీ రబ్బరు మరిచిపోకండి. నడిచే కారు వెనక ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ అక్కడ సుడి తిరుగుతుంది. రబ్బరు పాడైతే ఆ పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ప్రయాణంలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే వెంటనే అద్దాలు దించి, బండి ఆపి దిగండి. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం కదా, ఆ టైములో ఆగి ఉన్న కారులో ఇంజిన్, ఏసీ వేసుకుని నిద్రపోయే అలవాటు మనవాళ్లలో ఉంది. దయచేసి మానండి. సైటులో నీడ చూసుకుని పడుకోండి.

ఇప్పుడు మా కారు

బండి పాతదే. రంగు వెలిసింది, సీట్లు చిరిగాయి. కానీ వంద మీద కూడా వెనక సీట్లో కడప తమ్ముడి గురక వినపడుతోంది. మొన్న వెనక నుంచి ట్యాంకర్ హారన్ కొడితే అన్న దూరంగా ఉండగానే విని పక్కకు తప్పుకున్నాడు. మా వైపు చూసి "ఇనవడ్డది తమ్మీ" అని నవ్వాడు.

అన్నలారా, తమ్ముళ్లారా! కారు ఈల వేస్తే పాతదని వదిలేయకండి, తొందరపడి మూసేయకండి. ముందు వెతకండి. క్షేమంగా వెళ్లి క్షేమంగా రూముకు రండి.