రైలు దిగితే... మండపం!

ప్రభ, పద్మ, మకుట, గరుడ, నాగ... ఇవన్నీ మన పదాలే అనుకుంటాం. ఇండొనేషియాలోని జావా దీవిలో వడ్రంగులనడిగినా ఇవే పేర్లు చెబుతారు. అక్కడి సంప్రదాయ ఇళ్లకు చెక్కే నగిషీల పేర్లవి. ఒకప్పుడు పెద్దింటి వైభవానికి గుర్తుగా నిలిచిన ఆ నిర్మాణశైలి సోలో నగరంలో రైల్వేస్టేషన్‌ దాకా వచ్చేసింది!

ప్రతి నగిషీకీ ఓ అర్థం

స్తంభం మీద వెలుగు చిమ్ముతున్నట్టు కనిపించే చెక్కడం 'ప్రబ'. అంటే మన ప్రభే. స్తంభం కింద తామరపువ్వులా ఉండే రాతి దిమ్మె 'పద్మ'. అందానికే కాదు, కొయ్యకు నేల చెమ్మ తగలకుండానూ ఆ రాయి కాపాడుతుంది. దూలాల చివర వరుసగా ఉండే త్రికోణాలు 'త్లచపన్'... అవి సూర్యకిరణాలకు గుర్తు. చూరు అంచున చెక్కే నీటిబొట్లేమో 'బన్యు తెతెస్'. వంటింటికీ ఇందులో వాటా ఉంది. జిగురు బియ్యం, బెల్లం, కొబ్బరిపాలతో వండి డైమండు ఆకారంలో కోసే మిఠాయి 'వాజిక్'. ఆ ముక్కల్లాంటి నగిషీ పేరు 'వాజికన్'!

ఇక, ఇంటి ముందుండే గోడల్లేని చావడిని 'పెండొపొ' అంటారు. మన 'మండపం' నుంచి పుట్టిన మాటే అది. నాలుగు ప్రధాన స్తంభాల మీద మధ్యలో ఎత్తుగా లేచి, చుట్టూ వాలుగా దిగే 'జొగ్లో' కప్పు ఒకప్పుడు రాచకుటుంబాలూ ఉన్నత వంశాలవారికే సొంతం.

గుర్రాలు పరుగెత్తిన చోటే...

జావాలో మొదటి రైలు 1867 ఆగస్టు 10న సెమరాంగ్ నుంచి కదిలింది. 1870 నాటికి పట్టాలు సోలో చేరాయి. మంగ్కునెగరన్ రాజవంశీకుల గుర్రప్పందేల మైదానంలో స్టేషన్ వెలిసింది. పందేన్ని జావా భాషలో 'బలాపన్' అంటారు. అందుకే అది సోలో బలాపన్ అయింది.

1920ల్లో ఆ స్టేషన్‌కి కొత్తరూపు ఇచ్చినవాడు డచ్చి వాస్తుశిల్పి థామస్ కార్‌స్టెన్. 1914లో జావా వచ్చి, అక్కడి అమ్మాయినే పెళ్లాడాడాయన. జావాలో కట్టే భవనం అక్కడి ఎండావానలకూ అక్కడి కట్టడాల పద్ధతికీ తగ్గట్టుండాలని నమ్మాడు. అందుకే డచ్చి గోడలకు నగిషీలు అతికించి ఊరుకోలేదు. అంచెలుగా లేచే జావా ఇంటికప్పునే స్టేషన్‌కి తెచ్చాడు. సోలోలోనే 1930లో పూర్తయిన 'పసర్ గెడె' మార్కెట్‌కూ అదే సూత్రం. కప్పుల అంచెల మధ్య ఖాళీల్లోంచి వేడిగాలి బయటికి పోతుంది, వెలుతురు లోపలికొస్తుంది.

ఆ రోజుల్లో రైలుపెట్టెల్లో తరగతుల తేడాలుండేవి. కానీ దర్జాకు గుర్తయిన అలాంటి కప్పు కింద టికెట్ కొన్న రైతూ నిలబడగలిగాడు.

రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం కార్‌స్టెన్‌ని నిర్బంధించింది. 1945లో చిమాహి శిబిరంలోనే ఆయన కన్నుమూశాడు. అదే ఏడాది ఆగస్టులో ఇండొనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. స్టేషన్ మాత్రం జనం గుండెల్లో నిలిచిపోయింది. తిరిగొస్తానని రైలెక్కి మళ్లీ రాని ప్రేయసి గురించి గాయకుడు దిది కెంపొట్ పాడిన 'స్టాసియున్ బలాపన్' జావా అంతటా మారుమోగింది. ఆయన 2020లో వెళ్లిపోయాడు. వీడ్కోళ్లకూ ఎదురుచూపులకూ నీడనిస్తూ బలాపన్ ఇప్పటికీ అక్కడే ఉంది.