సాలిడ్‌వర్క్స్‌లో ఒక్కో పార్ట్ ఒక్కో రంగులో వస్తోందా? గ్రాఫిక్స్ కార్డ్ మార్చకముందు ఇది చదవండి

కొత్త పార్ట్ మొదలుపెడితే లేత బూడిద రంగు. అసెంబ్లీలో ఉండగానే ఇంకో కొత్త పార్ట్ తీసుకుంటే అదేమో నీలం. ఫ్రెండ్ పంపిన స్టెప్ ఫైల్ తెరిస్తే మూడో రంగు. మీరేమో రంగుల జోలికే పోలేదు! సాలిడ్‌వర్క్స్ నేర్చుకునే ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌కి ఇది మామూలుగా ఎదురయ్యే తలనొప్పే. ముందు అనుమానం డిస్‌ప్లే మీదికి పోతుంది, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డ్ మీదికి. 'డ్రైవర్ అప్‌డేట్ చెయ్ రా' అనే ఫ్రెండ్ ప్రతి హాస్టల్‌లోనూ ఒకడు ఉంటాడు.

డబ్బు ఖర్చు పెట్టకముందు ఒక చిన్న టెస్ట్ చేయండి. రంగు తేడా ఉన్న రెండు పార్ట్‌లని ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టండి. డిస్‌ప్లే కలర్ సరిగ్గా లేకపోతే స్క్రీన్ మీద ఉన్నవన్నీ ఒకేలా పాడవుతాయి. ఒక పార్ట్‌ని బూడిదగా, పక్కదాన్ని నీలంగా చూపించే తెలివి ప్యానెల్‌కి లేదు. ఇక రియల్‌వ్యూ ఆన్‌లో ఉంటే మెరుపులు, నీడలు మారతాయి. సీన్ మారిస్తే లైటింగ్ వల్ల షేడ్ కాస్త అటూఇటూ అవుతుంది. అంతే తప్ప బూడిద నీలం అయిపోదు.

అసలు కారణం చాలాసార్లు టెంప్లేట్. పార్ట్ డిఫాల్ట్ రంగు సాఫ్ట్‌వేర్ మొత్తానికి ఒకేచోట ఉండే సెట్టింగ్ అని మనం అనుకుంటాం. కాదు. అది డాక్యుమెంట్ ప్రాపర్టీ, అంటే ఒక్కో ఫైల్‌లో విడిగా ఉంటుంది. కొత్త ఫైల్ ఏ టెంప్లేట్‌తో పుడితే ఆ టెంప్లేట్ రంగే దానికి వస్తుంది. టూల్స్‌లో ఆప్షన్స్‌కి వెళ్లి, డాక్యుమెంట్ ప్రాపర్టీస్ ట్యాబ్‌లో మోడల్ డిస్‌ప్లే తెరిచి చూడండి. అక్కడ షేడింగ్ అనే పేరు పక్కన ఉండేదే ఆ రంగు. దాన్ని మారిస్తే అప్పుడు తెరిచి ఉన్న ఫైల్ ఒక్కటే మారుతుంది. నిన్న చేసిన పార్ట్‌లు, రేపు చేయబోయేవి ఎలా ఉండాలో అలాగే ఉంటాయి. 'సెట్టింగ్ మార్చాను, అయినా పని చేయలేదు' అనే కంప్లైంట్ ఇక్కడే పుడుతుంది.

మరి ఒకే మెషిన్‌లో రెండు రంగులెలా? న్యూ నొక్కి మీరు చేత్తో ఎంచుకునే టెంప్లేట్ ఒకటి. స్టెప్ ఫైల్ ఇంపోర్ట్ చేసినప్పుడు, ఒక పార్ట్ నుంచి ఇంకో పార్ట్ పుట్టించినప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తాను వాడుకునేది ఇంకొకటి కావచ్చు. ఆ రెండోది ఏదో తెలియాలంటే సిస్టమ్ ఆప్షన్స్‌లో డిఫాల్ట్ టెంప్లేట్స్ పేజీ చూడాలి. కాలేజ్ ల్యాబ్‌లో, అందరూ వాడే కంప్యూటర్లలో ఈ పాత్ పాత ఫోల్డర్‌ని చూపిస్తూ ఉండిపోవడం కొత్తేమీ కాదు.

పరిష్కారం అయిదు నిమిషాల పని. ఖాళీ పార్ట్ ఒకటి తెరిచి, రంగు, యూనిట్స్ మీకు కావలసినట్టు పెట్టుకోండి. సేవ్ యాజ్‌లో ఫైల్ టైప్‌ని పార్ట్ టెంప్లేట్‌గా మార్చి సేవ్ చేయండి. తర్వాత డిఫాల్ట్ టెంప్లేట్స్ పేజీలో దాన్నే చూపించండి. అక్కడే 'ఎప్పుడూ ఇవే వాడు' అనే అర్థంలో ఒక ఆప్షన్, 'ప్రతిసారీ నన్నడుగు' అనే అర్థంలో ఇంకొకటి ఉంటాయి. నా ఓటు మొదటిదానికే.

టెంప్లేట్ సరిచేశాక కూడా తేడా ఉంటే ఎక్కడో రంగు పైనుంచి పూసి ఉంది. ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవాలి. పార్ట్ రంగు మీద బాడీ రంగు, బాడీ మీద ఫీచర్, ఫీచర్ మీద ఫేస్. అసెంబ్లీలో కాంపోనెంట్‌కి నేరుగా వేసిన రంగు వీటన్నిటినీ కప్పేస్తుంది. పైగా ఆ రంగు అసెంబ్లీ ఫైల్‌లోనే ఉంటుంది, పార్ట్ ఫైల్‌లోకి రాదు. అందుకే అసెంబ్లీలో ఎర్రగా ఉన్న బ్రాకెట్‌ని విడిగా తెరిస్తే బూడిదగా కనిపిస్తుంది. ఫేస్ మీద క్లిక్ చేసి అప్పియరెన్సెస్ ఐకాన్ నొక్కితే ఈ అంతస్తులన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కర్లేని దాని పక్కనున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే ఆ పూత పోతుంది.

కాన్ఫిగరేషన్ మార్చగానే రంగు కూడా మారుతోందంటే డిస్‌ప్లే స్టేట్స్ వైపు చూడండి. వాటిని కాన్ఫిగరేషన్స్‌కి లింక్ చేసే టిక్ ఒకటి అక్కడే ఉంటుంది.

ఇదంతా అందం కోసమే అనుకుంటే పొరపాటే. మెటీరియల్ అప్లై చేస్తే దానితో పాటు ఆ మెటీరియల్ రంగు కూడా వస్తుంది. కానీ రంగు వేసినంత మాత్రాన మెటీరియల్ రాదు. స్టీల్‌లా మెరిసే అప్పియరెన్స్ వేసి, మెటీరియల్ మాత్రం ఎంచుకోకుండా వదిలేశారనుకోండి. సాలిడ్‌వర్క్స్ డిఫాల్ట్‌గా తీసుకునే సాంద్రత ఘనపు మీటరుకి 1000 కిలోలు, అంటే నీళ్లంత. ప్లెయిన్ కార్బన్ స్టీల్‌ది 7800. 780 గ్రాములు ఉండాల్సిన మోటార్ మౌంట్ మాస్ ప్రాపర్టీస్‌లో 100 గ్రాములే చూపిస్తుంది. ఆ అంకె మీద మోటార్ సైజు లెక్కేసి ఆర్డర్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాబట్టి రెండు పార్ట్‌ల రంగులు తేడాగా ఉంటే ముందు ట్రీలో మెటీరియల్ లైన్ చూడండి. ఒకదానికి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు.

ఫైల్ ఫార్మాట్ల సంగతి కూడా కొంచెం చూద్దాం. స్టెప్‌లో పాత ఏపీ203 మొదటి వెర్షన్ రంగుల్ని మోయదు, ఏపీ214, ఏపీ242 మోస్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఏది ఎంచుకున్నారో చూసుకోండి. త్రీడీ ప్రింటింగ్‌కి పంపే మామూలు ఎస్టీఎల్‌లో ఆకారం తప్ప రంగు ఉండదు. మల్టీకలర్ ప్రింట్ కావాలంటే త్రీఎంఎఫ్ మేలు.

ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ వాడేవాళ్లకి తంతు వేరు. అక్కడ టెంప్లేట్ గొడవ లేదు. డిఫాల్ట్ షేప్ కలర్ ప్రిఫరెన్సెస్‌లో పార్ట్ డిజైన్ విభాగంలో ఉంటుంది. అయితే పార్ట్ పుట్టినప్పటి రంగే ఫైల్‌లో రాసి ఉంటుంది కాబట్టి సెట్టింగ్ మార్చినా పాత మోడల్స్ మారవు. ప్రతి కొత్త ఆకారం ఒక్కో రంగులో వస్తోంటే మాత్రం ఆ రంగు పక్కన 'ర్యాండమ్' అనే బాక్స్‌లో టిక్ ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి, పని అయిపోతుంది.